నడుం దగ్గర మూడు వేళ్ల వదులు

కొట్టు నుంచి,
జూన్ 9, ఆదివారం, పొద్దున్న.

శ్రీమతి డ్రైవరమ్మ గారి దివ్యసముఖానికి,

మీ ఇంటి దర్జీ కత్తెర పక్కన పెట్టి, చేతులు కట్టుకుని చేసుకుంటున్న విన్నపం. ఇక్కడ నేనూ, మీ అత్తగారూ, కుట్టు మిషనూ క్షేమం. నువ్వు క్షేమమని నీ ఉత్తరమే చెప్పింది.

మొదటి పేజీ చదివి కొట్టులోనే గంతేశాను. షుగరు దారిలోకి వచ్చిందట, బరువు మూడు కిలోలు తగ్గిందట! బట్టలు వేసి చూసుకునే గదిలోంచి ఒక ఆసామీ, ఒక కాలు ప్యాంటులో ఒక కాలు బయట ఉండగానే కంగారుగా తొంగిచూశాడు. మా ఆవిడ మూడు కిలోలు తగ్గిందండీ అని చెప్పాను. చాలా సంతోషమని, తన నడుం మాత్రం ఇంకో అరంగుళం వదలమని అన్నాడు.

రెండో పేజీకి వచ్చేసరికి నా గంతులు ఆగిపోయాయి. తగ్గింది మూడు కిలోలే అయినా యూనిఫాం ప్యాంటు నడుం దగ్గర మూడు వేళ్లు దూరేంత వదులైందని, జబ్బు బయటపడకముందు చిక్కి సగమైపోయిన రోజులు మళ్లీ వచ్చాయేమోనని రాశావు. కొత్త డ్రైవర్లకు నేర్పే పని మధ్యలో వదిలేసి ఇంటికి వచ్చేయనా అని కూడా అడిగావు. వద్దు, పిచ్చిదానా. ఆ పని కోసం ఎన్నేళ్లు ఎదురుచూశావో నాకు తెలియదా?

ఆ రోజులు నేనూ మరిచిపోలేదు. ఎంత తిన్నా నీ ఒంటికి పట్టేది కాదు. ఇన్సులిన్ మొదలెట్టాక పట్టింది, ముఖం కళకళలాడింది. అంతవరకు బాగానే ఉంది. కానీ బస్సు నడుపుతుండగా షుగరు పడిపోతుందేమోనని ట్రిప్పు ట్రిప్పుకీ నాలుగు బిస్కెట్లు నమిలేదానివి. ఏడాది తిరిగేసరికి తొమ్మిది కిలోలు పెరిగావు. ఈ లావంతా ఇన్సులిన్ వల్లేనని, ఈ యూనిఫాం ప్యాంటు హుక్కు పట్టని రోజున ఆ సూదులన్నీ చెత్తబుట్టలో పారేస్తానని శపథం చేశావు. నీ మాట నీ బస్సు బ్రేకు లాంటిది, వేశావంటే వేసినట్టే. ఆ పూట నాకూ మీ అత్తగారికీ ముద్ద దిగలేదు.

మీ శిక్షణ డిపోలోని నర్సమ్మకు నా తరఫున ఒక దండం పెట్టు. ముందు మీటరు చూడు, షుగరు తక్కువుంటేనే బిస్కెట్ తిను అని ఆమె చెప్పగానే విన్నావు. డాక్టరు దగ్గరికి తీసుకెళితే మోతాదు సరిచేయించుకున్నావు. భోజనమయ్యాక బస్సుల చుట్టూ నడుస్తున్నావు కూడానట. ఇవే మాటలు మేమిద్దరం చెబితే మా మీద హారన్ కొట్టేదానివి! సూది మాత్రం ఒక్క పూట కూడా మానలేదని రాశావు చూడు, ఆ వాక్యం మీ అత్తగారు రెండుసార్లు చదివించుకున్నారు. నా కోడలు గట్టిదిరా అంటూ కళ్లు తుడుచుకున్నారు.

నీ రూటులో జనం రోజూ నిన్ను అడుగుతున్నారు. నీ బదులు వచ్చినాయన బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లందరూ కూర్చుంటున్నారట. నాకూ నువ్వు లేక ఏం తోచడం లేదు. నిన్న ఒకాయన చొక్కాకి చేతులు తారుమారు చేసి కుట్టాను.

ఇట్లు,
నీ కొలతలన్నీ కంఠతా వచ్చిన,
మీ ఆయన.

తా.క. కవరు అంటించబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. పిల్ల అక్కడ హడలిపోతుంటే నీ కబుర్లేమిట్రా, నిజం రాయమని కసిరింది. రాస్తున్నాను, కోప్పడకు.

ఆ ప్యాంటు తిరగేసి చూడు. నడుం వెనక కుట్టు పక్కనే పాత సూది రంధ్రాలు మూడు వరసలు కనిపిస్తాయి. నువ్వు శపథం చేశాక, ఇస్త్రీకని కొట్టుకు తెచ్చి మూడుసార్లు అరంగుళం చొప్పున వదిలాను. రెండో జత కూడా అంతే. కుట్లు విప్పింది అమ్మ, మళ్లీ వేసింది నేను. హుక్కు పట్టకపోతే సూది మానేస్తావని భయపడి చేశాం. నా నడుం ఎక్కడున్నది అక్కడే ఉంది, ఆసుపత్రి తూకమే తప్పు అని నువ్వు మురిసిపోతుంటే, నేను దారం కొరుకుతూ తలూపేవాణ్ని.

జబ్బు తిరగబెట్టలేదు. నువ్వు పాత కొలతే అనుకుంటున్న ఆ ప్యాంటు మేం వదిలిన అంగుళమున్నర పెద్దది, అందులో నువ్వు మూడు కిలోలు తగ్గావు, అంతే. అక్కడ పని పూర్తిచేసుకునే రా. ఆ ప్యాంట్లు నీ ఎదుటే విప్పి, నీ ఎదుటే కొలిచి బిగిస్తాను. అమ్మ అప్పుడే కళ్లజోడు తుడుచుకుని, కుట్లు విప్పే బ్లేడు వెతుకుతోంది.