‘లేదు’ గడుల మీద గీత

అమ్మకు నీ చిన్నదాని నమస్కారాలు. ఒంట్లో కులాసాగానే ఉన్నాను. నాన్న దగ్గు తగ్గిందనీ, అన్నయ్య నీ మాట వింటున్నాడనీ నమ్ముతున్నాను. రెండోది అత్యాశే అనుకో.

నువ్వడిగినవాటికి జవాబులు. భోజనం వేళకే చేస్తున్నాను. షాక్‌వేవ్ అంటే కరెంటు షాకా అని అడిగావు. కాదమ్మా. ఆ మెషీన్‌కు టార్చిలైటంత పిడి ఒకటి ఉంటుంది. నొప్పి ఉన్నచోట జెల్ పూసి ఆనిస్తే, వడ్రంగిపిట్ట మానును పొడిచినట్టు టకటకమని లోపలికి దెబ్బలు పంపుతుంది. మొండికేసిన పాత గాయాన్ని కదిలించి మానమని పోరుతుంది, అచ్చం నువ్వు మమ్మల్ని పొద్దున్నే లేపినట్టు. నీ మడమకు పనికొస్తుందో లేదో డాక్టరే చూసి చెప్పాలి. ఈలోగా మెత్తటి చెప్పులు వేసుకో. నేను రాసిన వ్యాయామాలు మానకు.

ఇది మా కాలేజీ ఫిజియోథెరపీ క్లినిక్ వెనక తువ్వాళ్లు పెట్టే గదిలో కూర్చుని రాస్తున్నాను. మాకు పని నేర్పే మేడమ్ జూనియర్లకు క్లాసు చెబుతున్నారు. అయ్యేదాకా ఆగాలి. కాగితం మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను. రాత చూసి తిట్టుకోకు.

మెషీన్ పెట్టేముందు మనిషిని పన్నెండు ప్రశ్నలు అడగాలి. ఒక్కోదానికి ‘అవును’, ‘లేదు’ అని రెండు గడులు. రద్దీగా ఉన్నప్పుడు మేం అడక్కుండానే ‘లేదు’ గడులన్నిటి మీదుగా పైనుంచి కిందికి ఒకే గీత లాగేస్తాం. సీనియర్లు దానికి ‘లిఫ్టు’ అని పేరు పెట్టారు, మెట్లు తొక్కే పని ఉండదని. పోయిన వారం పిక్క నొప్పితో వచ్చిన దర్జీ తాతకు నేనూ లిఫ్టే వేసి మెషీన్ పెట్టేశాను.

ఈ ఉదయం ఆయన రెండోసారి వచ్చి పంట్లాం పైకి లాగాడు. పిక్కంతా సిరా ఒలికినట్టు నల్లగా ఉంది. ముట్టుకుంటే రాయిలా బిగుసుకుంది.

“డాక్టరమ్మా, చెడంతా బయటికొస్తున్నట్టుంది. మంచిదేనా?” అన్నాడు. నేనింకా చదువుకుంటున్నానని ఎన్నిసార్లు చెప్పినా వినడు.

“మంచిదే తాతా” అన్నాను. మంచిది కాదని తెలిసే అన్నానమ్మా. భయమేసింది.

తర్వాత ఆయన మంచినీళ్లడిగి మాత్ర వేసుకున్నాడు. అట్ట మీద పేరు చదివాను. గుండెజబ్బుకు వాడే, రక్తాన్ని పలచన చేసే మందు. పన్నెండింటిలో మూడో ప్రశ్న అదే. అది వాడేవాళ్లకు ఈ దెబ్బలు తగిలితే లోపలే రక్తం కారొచ్చు. పిక్క ఇంకా బిగుసుకుంటే పాదం చచ్చుబడొచ్చు. కుట్టుమిషను తొక్కే కాలది. నేను మెషీన్ పాడైందని చెప్పి, ఆయన్ని వరండా బల్ల మీద కూర్చోబెట్టి ఇటొచ్చేశాను. గోడ అవతల ఎవరితోనో, “ఆ పిల్ల చెయ్యి మంచిది” అంటున్నాడు.

నన్ను కాలేజీలోంచి తీసేస్తారేమో. నాన్నకు నా మొహం ఎలా చూపించను? ఆ తాతకు ఏమైనా అయితే?

మేడమ్ క్లాసు అయ్యేదాకా ఆగాలని పైన రాశాను. అది అబద్ధం. క్లాసు తలుపు బార్లా తీసే ఉంది. గుమ్మంలో నిలబడి పిలిస్తే వస్తారు. అరగంటగా ఇక్కడ దాక్కున్నాను. ఇంకెవరికైనా అయితే ఆ అబద్ధమే చెప్పి నెట్టుకొచ్చేదాన్నేమో. నీకు రాస్తుంటే చెయ్యి సాగలేదు.

లేస్తున్నాను. మేడమ్‌ని చెయ్యిపట్టుకుని లాక్కొస్తాను. ఆవిడ ఎదుటే తాతతో, మంచిదే అన్నది అబద్ధమని చెబుతాను.

ఇట్లు,
నీ చిన్నది