నాలుగు దెబ్బల ముందు

తిరుపతి,
అక్టోబరు 5

ప్రియమైన నాయనా,

ఫోను చేస్తే నీకు వినపడదు. అమ్మకు చెబితే సగం మింగేసి మిగతా సగం నీకు అరిచి చెబుతుంది. నలభై ఏళ్లు మద్దెల పక్కన నిలబడ్డ చెవులు కదా నీవి. అందుకే కాగితం పట్టుకున్నాను.

ఇక్కడ నేను చేస్తున్న పనేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. పిల్లల కోసం తీసిన ఒక బొమ్మల సినిమా ఉంది. మన శేషాచలం అడవిలో తిరిగే దేవాంగపిల్లి పిల్ల, పేరు మిణుకు, వానలో తప్పిపోయిన తల్లిని వెతుక్కుంటూ ఊళ్లోకి వస్తుంది. ఆ సినిమా తీసిన కంపెనీ దగ్గర మా నాటక బృందం నడిపే మునిప్రసాద్ సార్ అనుమతి తెచ్చారు, పాటల నాటకంగా మార్చి బడిపిల్లల ముందు ఆడడానికి. మార్చి రాసే పని నాది. సినిమాలో అడవంతా కదులుతుంది, యాభై జంతువులు ఒక్కసారిగా పరిగెత్తుతాయి. మాకున్నది తొమ్మిదిమంది మనుషులు, రెండు నిచ్చెనలు, ఒక హార్మోనియం. అదంతా ఎలాగో సర్దాను. ఆ జంతువు కళ్ల దగ్గర మాత్రం ఆగిపోయాను. దాని ముఖమంతా కళ్లే నాయనా. సినిమాలో మిణుకు ఏడిస్తే ఆ కన్ను గోడంత అవుతుంది. స్టేజి మీద మూడో వరుస దాటితే కన్నే కనపడదు.

పది రోజులు తల పట్టుకున్నాక నువ్వు గుర్తొచ్చావు. మన ఊళ్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం వీధినాటకం ఆడేటప్పుడు ఇద్దరు తెరగుడ్డ పట్టుకుంటారు, వెనకాల వేషం దరువు తొక్కుతుంది, జనానికి కిరీటం కొన ఒక్కటే కనిపిస్తుంది, మద్దెల ఆఖరి దెబ్బకు గుడ్డ జారుతుంది. అదే పెట్టాను. ముందు తెరగుడ్డ మీదుగా విసనకర్రలంత రెండు అట్ట కళ్లు లేస్తాయి. దరువు చివర నాలుగు దెబ్బల్లో లోపలి మనిషి ఆ కళ్లను నుదుటికి కట్టుకుంటుంది. అప్పుడు గుడ్డ జారాలి. సార్ విని కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

మిణుకును నా కోసం రాసుకున్నాను. ప్రతి పాటా నా గొంతుకు కొలిచి రాసుకున్నాను. అప్పుడు దిగింది రూపశ్రీ. సత్యవేడు అమ్మాయి, హైదరాబాదులో నాటకం చదువుకుంది. ఆమె నవ్వితే ముందు ముక్కు నవ్వుతుంది, తర్వాతే నోరు. గదిలో అందరూ ఆ ముక్కునే చూస్తూ ఉంటారు. నా పాట ఒకసారి విని, రెండోసారికి నాకంటే బాగా పాడింది. సార్ నన్ను పక్కకు పిలిచి, "లోకేశ్వరీ, రాసేదానికి నిన్ను మించినోళ్లు లేరు. ఆడేదానికి మాత్రం నీ కాళ్లల్లో తాళం లేదమ్మా. రూప ఆడతాది. నువ్వు తెర పట్టుకో" అన్నారు.

తెర పట్టుకో అన్నారు నాయనా. నన్ను.

గుడ్డ ఎన్ని మూరలుండాలో, ఎంత ఎత్తున పట్టాలో రాయి.

నీ పాప,
లోకేశ్వరి

తిరుపతి,
అక్టోబరు 26

నాయనా,

కుశలప్రశ్నలు వేసే ఓపిక లేదు. మీరంతా కుశలంగానే ఉన్నారని వీడియోలో చూశాను.

ముందు నా తప్పు చెబుతాను, తర్వాత నీ తప్పు. నువ్వు భారతంలో అర్జునుడి వేషం కట్టేవాడివని ఇక్కడ అందరికీ చెప్పుకున్నాను. కాలేజీలో చేరిన మొదటి రోజు నుంచీ ఇదే చెబుతున్నాను. తెరగుడ్డ పట్టేవాడివని చెప్పడానికి నోరు రాలేదు. దాని ఫలితమే ఇది. "అర్జునుడే ఇంట్లో ఉంటే మనం యాడికో పోయి దరువు నేర్చుకునేదేంది?" అని సార్ రూపశ్రీని రెండు రోజులు మన ఊరికి, పూతలపట్టుకు పంపారు. నన్ను అడగలేదు. అడిగితే వద్దనేదాన్ని, ఎందుకో చెప్పలేకపోయేదాన్ని.

అమ్మ ఫోనులో ఏమన్నదో తెలుసా? "ఆ పిల్ల సంగటి మూడు ముద్దలు తిన్నాది మే! నీ మాదిరి వంకలు పెట్టలే. నీ లంగావోణీ ఇచ్చినాను, భలే కుదిరినాది." కుదురుతుంది. నావన్నీ ఆమెకు కుదురుతున్నాయి. పాట కుదిరింది, వేషం కుదిరింది, వోణీ కుదిరింది.

వీడియో ఆమే నా ఫోనుకు పంపింది. మన పంచలో నువ్వు కర్రతో నేల మీద తాళం వేస్తున్నావు. నీకు వినపడదు కాబట్టి ఆమె పాదాలనే చూస్తున్నావు. ఆమె ఒక అడుగు తప్పితే కర్ర ఆపి, నీ మోకాలి నొప్పి మరిచిపోయి లేచి, ఆ అడుగు వేసి చూపించావు. తర్వాత "శబాష్ పాపా!" అన్నావు. పాపా అని. ఆ మాట నాది కదా నాయనా? నన్ను తప్ప ఇంకెవరినైనా అలా పిలిచావా? బస్సులో వస్తూ, అన్నం తింటూ, గుడ్డలు ఆరేస్తూ ఆ వీడియో పదకొండుసార్లు చూశాను. నీ ముఖంలో అంత వెలుగు నా డిగ్రీ పట్టా రోజున కూడా లేదు.

ఇరవై నాలుగేళ్లు ఆ ఇంట్లో పెరిగాను. నాకు ఒక్క అడుగు నేర్పావా? ఆడపిల్లకెందుకని అనుకున్నావా? మరి ఆమె ఆడపిల్ల కాదా?

ఇంకో సంగతి. నువ్వు అర్జునుడివి కాదని రూపశ్రీకి ఇప్పుడు తెలుసు. తిరిగి వచ్చాక సార్ అడిగితే, "మామ చాలా పెద్ద కళాకారుడు సార్" అని ఊరుకుంది. నా వైపు చూడను కూడా లేదు. నా పరువు తీసి ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని. ఆ అవకాశం కూడా మిగల్చలేదు.

నవంబరు పద్నాలుగున తిరుపతిలో మొదటి ఆట. వస్తే రా. ఆమె కోసమైనా వస్తావులే.

లోకేశ్వరి

తిరుపతి,
నవంబరు 17

నాయనా,

ఆట అయ్యాక నువ్వు నన్ను ఒకే ఒక్క మాట అడిగావు, "చెయ్యి నొప్పి పుట్టినాదా పాపా?" అని. అవునని తల ఊపాను. నొప్పి పుట్టలేదు. నువ్వు మూడో వరుసలో కూర్చుని నా చేతులనే చూస్తున్నావని నాకప్పుడే అర్థమైంది.

తెరగుడ్డకు ఆ కొసన మా బృందంలోని అజ్మతుల్లా, ఈ కొసన నేను. అట్ట కళ్లు పైకి లేవగానే ఆరు వందలమంది పిల్లలు గుక్క పట్టినట్టు నిశ్శబ్దమైపోయారు. ఆ కళ్లు నావి. ఆ నిశ్శబ్దం కూడా నాదే. కానీ గుడ్డ జారగానే అంతా రూపశ్రీది అయిపోతుంది. నేను ఆమెనే చూస్తున్నాను. చెమటతో మెరుస్తూ, పెదవులు కదుపుతూ నువ్వు నేర్పిన అడుగులు లెక్కపెట్టుకుంటోంది. మద్దెల ఆఖరి వరుసలోకి వచ్చింది. ఆమె అట్ట కళ్లను కిందికి దించి నాడాలు వెతుక్కుంటోంది. ఇంకా నాలుగు దెబ్బలున్నాయి. నేను గుడ్డ వదిలేశాను.

జారిపోలేదు నాయనా. వదిలేశాను.

పెద్ద దీపాల వెలుగులో రూపశ్రీ, ఒక చేతిలో అట్ట కళ్లు, ఇంకో చేతిలో నాడా, ముఖం తెల్లబోయి. మద్దెల ఆగిపోయింది. నేను నవ్వు కోసం ఎదురుచూశాను. అంత నీచంగా ఎదురుచూశాను. అప్పుడు ముందు వరుసలో ఒక చిట్టిపిల్ల లేచి, "అయ్యో, దాని కళ్లు ఊడిపోయినాయి!" అని అరిచింది. రూపశ్రీ ఒక్క క్షణం ఆ పిల్లను చూసి, చేతులు చాపి గాలిలో తడుముకుంటూ, "మా యమ్మ యాడుండాది? నాకు కనపళ్లే" అంది. ఇక హాలంతా లేచింది. "ఆడుండాది మిణుకూ, నిచ్చెన మింద!" "ఇట్ల తిరుగు, ఇట్ల!" "ఏడవబాక!" ఆరు వందల గొంతులు. ఆ కళ్లు కట్టుకోకుండానే, ఉత్త ముఖంతో నా పాట పాడింది. వెనక వరుసలో టీచర్లు కూడా ఏడ్చారు. నేను ఏ కన్ను కోసం పది రోజులు తల పట్టుకున్నానో, అది ఆ ముఖంలోనే ఉంది.

తర్వాత జరిగింది ఇంకా ఘోరం. "ఎవురిదిబ్బా ఈ ఐడియా?" అని సార్ అరుస్తుంటే రూపశ్రీ నన్ను వాటేసుకుంది. "ముందే చెప్పింటే నాకు అంత బెదురు రాదనే కదక్కా నువ్వు చెప్పలేదు!" అంది. నేను మళ్లీ తల ఊపాను. ముప్పయ్యో తేదీన చిత్తూరులో రెండో ఆట. ప్రతి ఆటలోనూ గుడ్డ ముందే జారాలట. కరపత్రం మీద నా పేరు పెద్ద అక్షరాల్లో వేస్తున్నారు.

చెప్పేస్తే పేరు పోతుంది, బహుశా పనీ పోతుంది. చెప్పకపోతే ప్రతి ఆటలో అదే గుడ్డ పట్టుకుని నిలబడాలి. నువ్వైతే ఏం చేస్తావు?

లోకేశ్వరి

పూతలపట్టు,
నవంబరు 21

లోకేశ్వరి పాపకు నాయన మునెయ్య దీవించి రాసేది.

నీ జాబు మూడుసార్లు సదివినాను. మీయమ్మకు సదివి చెప్పలేదు.

నీకు అడుగు యాల నేర్పలేదంటే, నువ్వు అడగలేదు. నీకు ఆ ఆట అంటే సిగ్గని నాకు తెలుసు. ఆ పిల్లకు యాల నేర్పినానంటే, అది నువ్వు రాసిన ఆట గదా. ఆయమ్మ తప్పడుగు ఏస్తే పోయేది నీ పేరు. నీకోసరం నేర్పినాను. పాపా అన్నది మాత్రం నోరు జారినాది. ఇంగ అనను.

ఇప్పుడు నేను చెప్పేది మీయమ్మకు గూడా తెలీదు. నాకు ఇరవై రెండేండ్లప్పుడు అర్జునుడి పద్యాలన్నీ నోటికి వచ్చు. మాకు ఆట నేర్పే అయివారు ఆ వేషం నాకు ఈలేదు, ఎదురింటి గోవిందుకు ఇచ్చినాడు. నన్ను తెర పట్టమన్నాడు. గోవిందు లోపల కిరీటం కట్టుకుంటా ఉండాడు. కట్టుకోకముందే తెర వదిలేస్తిని. జనం పడీ పడీ నగినారు. వానికి మీ మిణుకు మాదిరి తెలివి రాలేదు, కిరీటం ఆడనే పారేసి పాయినాడు. మళ్లా వేషం కట్టలేదు. అయివారు నన్ను ఏమీ తిట్టలే. "మునెయ్యా, నువ్వు బతికినన్నాళ్లూ తెరే పట్టాల. తెర పట్టేవాడు వేషం దిక్కు సూడగూడదు, జనం దిక్కు సూడాల. అది నేర్చుకో" అన్నాడు. నలభై ఏండ్లు జనాన్ని సూసినాను. జనం ఊపిరి బిగబట్టినప్పుడు తెర వదలాల. అది లెక్కలో ఉండదు. ఆ పిల్లకు అడుగులు నేర్పినా గానీ ఇది చెప్పలేదు. ఇది నీకోసరం పెట్టుకున్నాను.

చెయ్యి జారినాదని గోవిందుతో అంటిని. వాడు నమ్మలేదు. నిజం చెప్పాలని చానాసార్లు అనుకుంటి. వీధి దాటలేకపోతి. ఇప్పుడు వానికీ చెవులు పాయినాయి. అరిచి చెప్పినా వినపడదు. ఆ పిల్లకు ఇంకా చెవులుండాయి.

నాయన

తిరుపతి,
డిసెంబరు 1

నా ప్రియమైన నాయనా,

చెప్పేశాను, ఆటకు ముందే, అద్దం ముందు రంగు వేసుకుంటుంటే. రూపశ్రీ చేతిలో కుంచె ఆగిపోయింది. "నన్ను నవ్వులపాలు చేయాలనుకున్నావా అక్కా?" అంది. అవునన్నాను. "మరి వాటేసుకుంటే ఊరుకున్నావే!" అని కుంచె విసిరికొట్టింది, నా జాకెట్టంతా నల్లరంగు. సార్‌కూ చెప్పాను. కరపత్రం మీద నా పేరు కొట్టేశారు. తెర మాత్రం తీసేయలేదు. "ఆ మనిషే పట్టాల. మళ్లా జారిస్తే ముక్కు పగలగొడతా" అని రూపశ్రీ అడ్డం పడిందట. మన అర్జునుడి సంగతి కూడా సార్‌కు చెప్పాను. మా నాయన తెర పట్టేవాడని చెప్పాను.

నిన్న నేను ఆమె వైపు చూడలేదు, పిల్లల్ని చూశాను. ఒక పిల్లవాడు బిస్కత్తు నోటి దాకా తెచ్చి, తినడం మరిచిపోయి అలాగే ఉండిపోయాడు. అప్పుడు వదిలాను. మళ్లీ హాలంతా లేచింది. ఈర్ష్య పోలేదు నాయనా, చప్పట్లకు ఇంకా గుచ్చుకుంటోంది. రూపశ్రీ ఇంకా నాతో మాట్లాడడం లేదు. కానీ బస్సులో నా పక్కనే కూర్చుంది.

పాపా అనడం మానొద్దు. ఇద్దరినీ అను.

గోవిందు మామకు చెవులు పోతే ఏం? నీకూ పోయాయి, నేను చెప్పుకోలేదా? ఈ కవరులో ఒక తెల్లకాగితం పెట్టాను. రాసి, వీధి దాటి, ఆయన చేతికివ్వు.

నీ పాప,
తెర పట్టే లోకేశ్వరి