ఐదో తీగ

కోడూరు,
26 నవంబరు 2001.

ప్రియమైన కార్తీక్‌కు,

ప్రభువు కృపవల్ల ఇక్కడ నేనూ అమ్మమ్మా క్షేమం. గుడివాడలో నువ్వూ చెల్లెమ్మ వందనా, మొవ్వలో మీ అమ్మగారూ నాన్నగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ వైపు కోతలు మొదలయ్యాయని విన్నాను. మా చేలల్లో ఇంకా నీళ్లు తియ్యలేదు.

నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. మీ ఆర్కెస్ట్రాకి ఐదు తీగల బేస్ గిటారు కావాలనీ, మరీ చవకది వద్దు, మరీ ఖరీదైంది అందదు, మధ్యరకంలో ఏది చూడమంటావనీ అడిగావు. నాది అమ్మే ఉద్దేశం ఉంటే నీకే ఇమ్మన్నావు. ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. సగంలోనే నవ్వేస్తావని రాస్తున్నాను.

ముందు నువ్వడిగిన సంగతి. మధ్యరకంలో నాలుగు తీగలు ఎందులోనైనా బాగానే పలుకుతాయి. మోసమంతా ఐదోదానిలోనే. అన్నిటికన్నా లావుది, అన్నిటికన్నా మంద్రంగా పలికేది. రంగు చూసి, పేరు చూసి కొనకు. ఆ తీగ ఒక్కటీ మీటి చెవి పెట్టు. స్వరం విడిగా వినబడాలి. చాలావాటిలో బురదలో కాలు దిగబడినట్టు ఉంటుంది. వేళ్లతో తీగలు నొక్కే నెక్ కాస్త పొడుగైతే తీగ బిగువుగా నిలుస్తుంది. బెల్టు తగిలించుకుని చేతులు వదిలేసి కూడా చూడు. గిటారు తల కిందికి వాలిపోతుంటే ప్రోగ్రాం అయ్యేసరికి నీ భుజం పోతుంది.

నేను ఆగస్టులో బందరు వెళ్లి కొన్నాను. కోనేరు సెంటరు దాటాక గోవర్ధనరావు గారని, వాయిద్యాలు అమ్ముతారు, బాగుచేస్తారు. ఆయన దగ్గర రెండున్నాయి. ఎర్రది కొత్తది, చూడముచ్చటగా ఉంది, ఐదో తీగ మాత్రం మొద్దు. రెండోది ముదురు గోధుమరంగు, ఎవరో వాడి ఇచ్చేసింది. దాని ఐదో తీగ మీటగానే షోకేసు అద్దాలు వణికాయి. గోవర్ధనరావు గారు అద్దం మీంచి చెయ్యి తీసేశారు. ఆ ధరలో అంత చక్కటి స్వరం మళ్లీ దొరకదని నాకు అర్థమైంది. బేరమాడబోతే ఆయనే తగ్గించి, "తీసుకెళ్లండి బాబూ. వాపసు మాత్రం తేవద్దండీ" అన్నారు. ఎందుకని అడిగితే వేరే గిరాకీతో మాటల్లో పడ్డారు.

ఆ ఆదివారమే చర్చిలో వాయించాను. మా అమ్మమ్మ కృపమ్మ సంగతి నీకు తెలుసు. డెబ్బై ఏడు ఉప్పెనలో పసివాణ్ణి నన్ను పొట్టకు కట్టుకుని, తాడిచెట్టు పట్టుకుని బతికింది. మా అమ్మ సులోచన నీళ్లలో పోయింది. ఆ రాత్రి గాలికి అమ్మమ్మ చెవులు కూడా పోయాయి. అప్పటినుంచి పక్కనే టపాకాయ పేలినా తిరిగి చూడదు.

అలాంటి మనిషి, నేను ఐదో తీగ మీటగానే ముందు వరసలో చాప మీంచి తలెత్తి గుమ్మం వైపు చూసింది. ఇంటికొచ్చాక, "ఎవర్రా ఇందాక పిలిచింది?" అని అడిగింది. ఎవరూ లేరని సైగ చేశాను. నమ్మలేదు. నేల అదురుతుంది కదా, కాళ్లకి తెలిసుంటుందని సరిపెట్టుకున్నాను. తర్వాత ప్రతి ఆదివారమూ అదే. తీగ మోగినప్పుడల్లా గుమ్మం వైపు చూడ్డం, పక్కనున్న రమణమ్మని కాస్త జరగమని ఎవరికో చోటు చెయ్యడం.

మొన్న పంతొమ్మిదిన, ఉప్పెన రోజు, ఎప్పటిలాగే జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. సాయంత్రం, ఇంకా వెలుగు ఉంది. పోయినవాళ్ల పేర్లు పాస్టరు గారు చదువుతుంటే నేను వెనక నెమ్మదిగా ఐదో తీగ వాయిస్తున్నాను. మా అమ్మ పేరు వచ్చింది. అరచేత్తో తీగ నొక్కేశాను.

మోత ఆగలేదు.

తీగ నా చేతికింద కదలకుండా ఉంది. స్పీకర్లోంచి మాత్రం వస్తూనే ఉంది. కాసేపటికి అది ఒకే స్వరంగా కూడా ఉండలేదు. లేస్తూ, దిగుతూ, నోరు మూసుకుని ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు. పాస్టరు గారు చదవడం ఆపేశారు. అందరూ విన్నారు కార్తీక్, నేనొక్కణ్ణే కాదు.

అమ్మమ్మ వైపు చూశాను. కాళ్లు చాపుకుని, మోకాళ్లు మెల్లగా ఊపుతోంది, ఆ రాగానికి సరిగ్గా. చెవిటి మనిషి కదా, గట్టిగానే అంది: "సులోచన పిల్లాణ్ణి పడుకోబెడుతోంది. ఎవరూ మాట్లాడకండి."

ఆమె ఊపడం ఆపాక ఆ మోత ఆగింది.

అందరూ చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయారు. మర్నాడు పాస్టరు గారు ఇంటికొచ్చి, "తప్పు నీదని కాదు జాన్సన్, జనం భయపడుతున్నారు. క్రిస్మస్‌కి ఆ గిటారు వద్దయ్యా" అన్నారు. సముద్రం మీద పడవల వైర్‌లెస్ ఏదో ఆంప్లిఫయరు లాక్కుని ఉంటుందని మైకుసెట్టు బాబూరావు అంటున్నాడు. నేనూ అదే అనుకుంటున్నాను. గుడ్లవల్లేరులో నీతోపాటు డిప్లొమా చదివినవాణ్ణి, ఇంకేమనుకోను?

అమ్మమ్మ మాత్రం ఎన్నడూ లేనంత సంతోషంగా ఉంది. సాయంత్రమైతే తన చాప పక్కన ఇంకో చాప పరుస్తోంది. తీసేస్తే మళ్లీ పరుస్తోంది.

నీకొక మాట చెప్పాలి. అమ్మ ముఖం నాకు తెలియదు. ఒక్క ఫొటో కూడా మిగల్లేదు. గొంతు సంగతి చెప్పక్కర్లేదు. ఎరగనిదాన్ని గుర్తుపట్టడం ఉండదు కదా. కానీ ఆరోజు అది వినగానే నాకు నిద్ర ముంచుకొచ్చింది. అంతమంది మధ్య, నిలబడే, కళ్లు మూతలు పడిపోయాయి. ఈ సంగతి పాస్టరు గారితో కూడా అనలేదు.

అందుకే గిటారు నువ్వే తీసుకో. వాయిద్యం మంచిది. పెళ్లి పందిళ్ల సందడిలో దానికి ఏ రోగమూ ఉండదు. శనివారం గుడివాడ బస్టాండుకి తెస్తాను. అమ్మమ్మకి ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియడం లేదు.

వందనకి నా నమస్కారాలు. మీ ఇంటిల్లిపాదినీ దేవుడు చల్లగా చూడాలని కోరుకుంటూ,

నీ స్నేహితుడు,
జాన్సన్

తా.క.: కవరు అంటించబోతూ ఇది రాస్తున్నాను. గిటారు సర్దుతూ, దారిలో కారుతుందేమోనని లోపలి బ్యాటరీ తీసేద్దామని వెనక మూత విప్పాను. ఈ రకం గిటార్లకి అది లేకపోతే ఆంప్లిఫయరుకి తగిలించినా ఒక్క తీగా పలకదు. షాపులో పలికింది కాబట్టి ఉందనుకుని నేనెప్పుడూ మూత తీసి చూడలేదు.

లోపల బ్యాటరీ లేదు. అది తగిలించే వైర్లు ఎప్పుడో ఉప్పు తినేసి ఊడిపోయి ఉన్నాయి. అడుగున ఇసుక ఉంది. వేలు పెట్టి చూస్తే తడిగా ఉంది.

ఆగస్టు నుంచీ మా చర్చి విన్నదేదీ నా వాయింపు కాదు.

మూత మళ్లీ బిగించేశాను. ఏమనుకోకు కార్తీక్, శనివారం బస్టాండుకి రావద్దు. గిటారు ఇవ్వలేను. మా అమ్మది అంటూ నా దగ్గర ఇంకేమీ లేదు.