సాంద్రకి బాప్తిస్మం

జగదల్‌పూర్

వరహాలమ్మత్తకి వందనాలు.

ఫోన్లో నీకు సగం వినపడదు కనక, పాల్ మావయ్య కిరండూల్ బండెక్కేలోగా ఇది రాసి ఇస్తున్నాను. నెలాఖరు బుధవారం కాలేజీ ల్యాబ్ ఉద్యోగానికి మళ్ళీ ప్రాక్టికల్ ఉంది. పోయినసారి ఉద్యోగం సాంద్ర దగ్గరే పోయింది. కంగారులో సాంద్ర మీద నీళ్ళు పోశాను. చిటపటలాడి నా చున్నీకి కన్నాలు పెట్టింది. నన్ను గేటు దాకా సాగనంపారు. ఈసారి సాంద్రని లొంగదీయకుండా ఇంటికి రాను.

నీ మేనకోడలు
శాంతిప్రియ

తా.క.: సాంద్ర బలం పద్దెనిమిది. ఒకటికి దించాలి.

*

కిరండూల్

శాంతీ,

దేవుడి దయ వల్ల కులాసా. ఎవర్తే ఆ గుంట? పద్దెనిమిదేళ్ళకే అంత పొగరేటి? నువ్వు రూము మారిపో. ఆదివారం దాని పేరు సెప్పి చర్చిలో ప్రార్థన సేయించాను.

మీ అత్త

తా.క.: పేరు సూస్తే మనోళ్ళ పిల్లలాగుంది. అమ్మాబాబులది ఏ సంఘం?

*

జగదల్‌పూర్

అత్తా, వందనాలు.

సాంద్ర గుంట కాదు, ఆసిడ్. హిందీ పుస్తకంలో చిక్కటి ఆసిడ్‌ని సాంద్ర అంటారు. నీళ్ళతో పల్చన చేస్తే దాని పేరే తను అవుతుంది. పద్దెనిమిది బలాన్ని ఒకటి చేసి తొమ్మిది వందల మిల్లీలీటర్లు ఇవ్వాలి. తొమ్మిది వందల్ని పద్దెనిమిదితో భాగిస్తే యాభై. అంటే సాంద్ర యాభై, మిగతాదంతా నీళ్ళు. లెక్క నిద్రలో లేపినా చెప్తాను. సీసా చూడగానే మాత్రం ఏది ముందు పొయ్యాలో మర్చిపోతున్నాను. ప్రార్థన ఆపించు.

శాంతిప్రియ

తా.క.: పరీక్ష పెట్టే మేడం ల్యాబ్ గాజుకడ్డీతో టీ కలుపుకుంటుంది. ప్రార్థన ఆవిడకి మళ్ళించు.

*

కిరండూల్

శాంతీ,

ఆసిడ్ లాంటి గుంటంటే నాకు తెలీదేటి? మీ మావయ్య సెల్లెల్తో వేగలేదా? నీళ్ళల్లో పడితే తను మెత్తబడతాదని నువ్వే రాసావు. అంటే బాప్తిస్మమే కదే. ఒకటి గుర్తెట్టుకో. మనది ముంచే సంఘం, సిలకరించేది కాదు. ముందు నీళ్ళు నింపాల. గుంట నీళ్ళలోకి దిగాల, మెల్లగా. గుంట మీద నీళ్ళు పోసావో, దాని కోపం నీ మొకం మీదకే వస్తాది. తెల్ల చీర పంపుతున్నాను.

మీ అత్త

తా.క.: సాంద్ర తరపున యాభై మంది, మిగతాదంతా నీళ్ళేనని రాసావు. కోడిపులుసైనా పెట్టకపోతే ఏం బావుంటాదే?

*

జగదల్‌పూర్

అత్తకి వెయ్యి వందనాలు.

ఉద్యోగం వచ్చింది.

మేడం సీసా ముందుపెట్టి "పహలే క్యా డాలోగీ?" అంది, ముందు ఏది పోస్తావని. ఎప్పట్లాగే బుర్ర ఖాళీ అయింది. చివరికి అందులో నువ్వొక్కదానివే మిగిలావు, చీర పట్టుకుని. బీకరులో ముందు నీళ్ళు నింపాను. గుంటని మెల్లగా, కడ్డీతో తిప్పుతూ దించాను. కాస్త వేడెక్కింది గాని అరవలేదు. చల్లారాక తొమ్మిది వందల గీత దాకా నీళ్ళు పోశాను. ఎవరు నేర్పారని మేడం అడిగింది. "మా సంఘం" అన్నాను.

సోమవారం నుంచి తెల్లకోటు వేసుకు రమ్మన్నారు. నీ చీర దర్జీ దగ్గరుంది.

నీ శాంతిప్రియ

తా.క.: ఆదివారం సంఘంలో చెప్పు. సాంద్ర మునిగింది, ఎవర్నీ కాల్చలేదు. పేరు కూడా మార్చాం. ఇప్పుడు తన పేరు తను.