పాలు మాన్పించిన సంగతి

మొఘల్‌పురా,
గురువారం.

అమ్మకు నీ బిడ్డ అమల దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను, నీ అల్లుడు, అత్తమ్మ, పాప బాగున్నాము. నీ మోకాలి వాపు తగ్గిందని తలుస్తాను. ఇది ఫోన్‌లో చెప్పేది కాదు గనుక రాస్తున్నాను. మాకు ఉన్నది ఒక్క గది, ఏం మాట్లాడినా అందరి చెవిన పడుతుంది.

పాపకు పళ్లు ఎన్ని వచ్చాయని అడిగావు. కింద నాలుగు, పైన మూడు. నిన్న నా భుజం కొరికింది. అన్నం మెత్తగా పిసికి పెడితే తింటున్నది. గాజుల సేఠ్ దగ్గరి నుంచి మళ్లీ కబురు వచ్చింది. ఒకటో తారీఖుకు రాకపోతే నా పీట మీద వేరే మనిషిని కూర్చోబెడతాడట. మేము గాజులకు రాళ్లు అతికించే చోట లక్క కరిగించే కుంపటి ఎప్పుడూ మండుతూ ఉంటుంది, పాపను అక్కడికి తీసుకుపోలేను. అత్తమ్మ సైదాబాద్‌లో వంటపనికి పోతే సాయంత్రం గాని రాదు. అందుకే కదా నువ్వు ఆదివారం వచ్చి పాపను ఊరికి తీసుకుపోతానన్నది.

ఈ మధ్య నాకు ఒక్కచోట కూర్చోబుద్ధి కావడం లేదు. కడిగిన గిన్నెలే కడుగుతున్నాను. మధ్యమధ్య పోయి కుక్కను చూస్తున్నాను. మా మెట్ల కింద గోనెసంచుల మీద ఎర్ర కుక్క ఒకటి పిల్లల్ని పెట్టింది. మొదట్లో తిండికి కూడా లేచేది కాదు. అది పొట్టలు నాకితే గాని పిల్లలు ఉచ్చ పోసేవి కావు, పోసినదంతా అదే నాకేసేది. మెట్ల కింద వాసనే లేదంటే అత్తమ్మ నమ్మలేదు, వంగి చూడబోయి గుర్రుమనిపించుకుని వచ్చింది. ఒకరోజు గల్లీలో బండ్ల లొల్లి ఎక్కువైతే ఒక్కొక్క పిల్లనూ మెడ తోలు పట్టుకుని పక్కింటి గోడ వెనక్కి మార్చింది, తెల్లారి మళ్లీ తెచ్చుకుంది.

ఇప్పుడు వాటికి సూదుల్లాంటి పళ్లు వచ్చాయి. పాలకు వస్తే గుర్రుమంటున్నది. వినకపోతే మూతి నోట్లో పట్టి నేలకు అదుముతున్నది. అప్పటికీ వదలకపోతే గల్లీలో నిలబెట్టిన తోపుడు బండి ఎక్కి పడుకుంటున్నది. చన్నులు నిండి బొట్లు కారుతున్నా దిగదు. అత్తమ్మ అది చూసి, "కుక్కకున్న గుండె నీకు లేకపాయె, ఏంది బిడ్డా" అన్నది. నవ్వుతూనే అన్నది గాని నాకు తగిలింది.

వేపాకు నువ్వు చెప్పినట్టే నూరి రాసుకున్నాను. మొదటిసారి పాప ముఖం వంకర పెట్టి, నా కొంగుతోనే తుడిచి తాగింది. నీ అల్లుడు పడిపడి నవ్వాడు. మరునాడు చిక్కగా రాస్తే నోరు పెట్టలేదు. కాసేపు ఏడ్చి, చాయ్‌లో ముంచిన బిస్కెట్ తిని పడుకుంది. అందుకే మానింది అని నీకు ఫోన్‌లో చెప్పాను. అది అబద్ధం కాదు. తర్వాత జరిగింది చెప్పలేదు.

ఆ మరునాడు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. రొమ్ములు రాళ్లయ్యాయి, ఒళ్లు కాలుతున్నది. పాప నిద్రపోతున్నది, అడగలేదు. నేనే వేప కడుక్కుని, దాన్ని లేపి పట్టించాను. అప్పటి నుంచి రోజూ పట్టిస్తున్నాను. ఇంట్లో వాళ్ల ముందు వేపాకు నూరుతూనే ఉన్నాను. ఎవరికీ తెలియదనుకున్నాను.

నిన్న అత్తమ్మ పనికి పోలేదు. ఇద్దరం గడపలో బియ్యం ఏరుతుంటే మాంసం దుకాణాల వైపు పోయిన కుక్క తిరిగి వచ్చింది. పిల్లలు దాని మూతి నాకితే, తిన్నదంతా వాటి ముందు కక్కింది. అవి తిన్నాయి. తర్వాత నిలబడే కొన్ని పాలిచ్చి, విదిలించుకుని మళ్లీ బండి ఎక్కింది.

అత్తమ్మ చేటలోంచి తల ఎత్తకుండా, "గా కుక్క గూడ ఒక్కపారి మాన్పిస్తలేదు, జరంత జరంత తగ్గిస్తున్నది" అన్నది. ఒక రాయి ఏరి పారేసి, "జాకెట్ తడిసింది, పోయి మార్చుకో" అన్నది.

నేను లేచి లోపలికి పోయాను.

ఆదివారం నువ్వు రా. పాపను తీసుకుపోవడానికి కాదు, నా దగ్గర ఉండటానికి. పత్తి ఏరే రోజులని తెలుసు. పొద్దున, రాత్రి మాత్రమే పాలిచ్చి, మెల్లగా అదీ తగ్గిస్తాను. పగలు నువ్వు చూసుకుంటే నేను పనికి పోతాను. నువ్వు ఉండలేనంటే సేఠ్ నా పీట ఎవరికైనా ఇచ్చుకోనీ. పాప బట్టలు నేను సర్దలేదు.

ఇట్లు,
నీ పెద్దబిడ్డ
అమల