పొగ రుచి చూసే కొలువుకు మా అమ్మాయి వద్దు

కుడుస్ జిల్లా కార్మికాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: సిగరెట్ల కర్మాగారంలో నా స్థానాన నా కుమార్తెకు ఇచ్చిన నియామకాన్ని నిలిపివేయుట గురించి.

లవంగాల సిగరెట్లు చేసే కర్మాగారంలో రుచి చూసే గదిలో పనిచేసి, ప్రస్తుతం పనికి అనర్హుడనైన పార్తోనో మనవి చేసుకొనునది:

1. ప్రతి కొత్త మిశ్రమాన్నీ అమ్మకానికి పంపకముందు కాల్చి, దాని ఘాటు, తీపి చెప్పడం నా విధి. పెళ్లికి ముందే చేరాను. సెలవు దినాల్లోనూ వేళ్లు సిగరెట్టు కోసం వెతుక్కునేవి. దానినీ విధి నిర్వహణలో భాగంగా పరిగణించగోరెదను.

2. కిందటి వానాకాలం కాలిలో మేకు దిగింది. ఎండలు ముదిరినా ఆ పుండు మానలేదు. మెట్లెక్కితే ఆయాసం. డాక్టరమ్మ ఎండాంగ్ గారు రక్తం పరీక్షించి, ఒంట్లో ఆక్సీకరణ ఒత్తిడి మితిమీరినదని సెలవిచ్చారు. నాకు అర్థం కాలేదన్నాను.

“ఇనుముకు తుప్పు పట్టదూ, అలాంటిదే అనుకోండి పార్తోనో గారూ. పీల్చిన ప్రతి దమ్ముతోనూ కణాలను కొరికేవి లోపలికి పోతున్నాయి. మీరు తినే జామకాయ, ఆకుకూర వాటితో పోట్లాడటానికే సరిపోతున్నాయి. ఇక పుండు మాన్పడానికి ఏం మిగులుతుంది?” అన్నారు.

సరేనన్నాను. 

3. పరిహారం అడిగితే, ఎవరూ బలవంతాన నోట్లో పెట్టలేదని మేనేజరు సుగెంగ్ గారు చెప్పారు. కాల్చడం స్వంత అలవాటు కిందికి వస్తుందట. అయినా దయతలచి నా కుర్చీ మా అమ్మాయి వులన్‌కు ఇస్తామన్నారు. ఆమెకు పంతొమ్మిదేళ్లు. ఎన్నడూ సిగరెట్టు ముట్టలేదు. అదే ఆమె అర్హత అట.

4. అక్కడే సిగరెట్లు చుట్టే నా భార్య తుమినీ సంతోషించింది. నేను వులన్‌ను వద్దన్నాను.

“మరి ఇల్లెట్లా గడుస్తుంది నాన్నా? నువ్వు చేసిన పనేగా,” అన్నది.

కోపంగా అనలేదు. సోమవారం చేరమని ఉత్తర్వు వచ్చింది.

కావున పరిహారం కొరకు లోగడ పెట్టుకొన్న అర్జీని ఉపసంహరించుకొనుచున్నాను. అది నా స్వంత అలవాటేనని రాసిమ్మన్నా రాసిస్తాను. బదులుగా పిల్లకు పెట్టెలు అతికే చోటో, లవంగాలు ఆరబోసే చోటో పని ఇప్పించండి. ఈ మనవిని సోమవారం లోగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పార్తోనో

మరొక మనవి: ఈ మధ్యాహ్నం ఇంట్లో చేపల పులుసు. వులన్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని, “అమ్మా, ఉప్పెయ్యడం మరిచావు,” అన్నది. తుమినీ లేచి ఉప్పు తెచ్చింది. అప్పటికి నేను రెండోసారి వడ్డించుకొని తింటున్నాను.