మన్ను కప్పకూడని విత్తనాలు

చిక్కడపల్లి,
8-9-1996

నవతకు,

ఇది మాట్లాడటం కాదు, రాయడం. మార్చిలో ఆ ఉమాకాంత్‌తో నీ పెళ్లి సంగతి తెలిసిన రోజు పదిమంది చుట్టాల ముందు "ఇయ్యాల్టి నుంచి నా బిడ్డతోని మాట్లాడితే నన్ను జగదీశ్వర్ అనకుండ్రి" అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను. కాబట్టి దీన్ని రాజీ అనుకోకు.

నీ అలమారలో బిగోనియా పూల విత్తనాల పొట్లం దొరికింది. నువ్వు డార్జిలింగ్ వైపు నుంచి పోస్టులో తెప్పించుకున్నది. డిసెంబరు దాటితే పనికిరావని దాని మీద రాసుంది. వస్తువు వృథా కావడం నాకు నచ్చదని నీకు తెలుసు. పొడిలాంటి ఆ విత్తనాలు ఒక చిటికెడు కుండీలో వేసి, మూడు వారాలు నీళ్లు పోశాను. ఒక్కటీ మొలవలేదు. మీ అమ్మ "గా పొడి మొలుస్తదా, పిచ్చి గాకపోతే?" అని నవ్వుతోంది. లైబ్రరీలో వెతికితే అన్నీ చలిదేశాల వాళ్ల పుస్తకాలే. తప్పెక్కడుందో రాయి. విత్తనాల సంగతి మాత్రమే రాయి.

ఇట్లు,
జగదీశ్వర్

కవాడిగూడ,
12-9-1996

ప్రియమైన నాన్నకు,

మన రెండిళ్ల మధ్య ఇరవై నిమిషాల నడక. నీ ఉత్తరం మూడు రోజులు ప్రయాణం చేసి వచ్చింది. కవరు మీద నీ చేతిరాత చూసి మెట్ల మీదే కూర్చుండిపోయాను. లోపల ఆశీస్సులు లేవు. ఫర్వాలేదు, రెండుసార్లు చదువుకున్నాను.

జొన్నలు వేసినట్టు మన్ను కప్పావు కదూ? తాతతో పొలంలో విత్తిన చెయ్యి, కప్పకుండా ఉండలేదు. బిగోనియాకు వెలుతురు కావాలి. మన్ను కప్పితే మొలవదు. ఆకు ఎరువు, ఇసుక జల్లెడ పట్టి, మరిగే నీళ్లు పోసి చల్లార్చు. విత్తనాలను పొడి ఇసుకలో కలిపి పైపైన చల్లు. చెంబుతో నీళ్లు పోయకు, కొట్టుకుపోతాయి. కుండీని నీళ్ల బేసిన్‌లో పెడితే అదే అడుగు నుంచి పీల్చుకుంటుంది. గాజుపలక మూసి, ఎండ తగలని వెలుతురులో పెట్టు. ఇరవై రోజులు ఓపిక పట్టాలి.

బీపీ మాత్రలు వేసుకుంటున్నావా? ఇది విత్తనాల సంగతి కాదు. అయినా రాస్తున్నాను.

నీ
నవత

చిక్కడపల్లి,
22-9-1996

చి. నవతకు,

మన్ను కప్పిన మాట నిజమే.

ఇసుకలో కలుపుదామని పొట్లం విప్పి బల్ల మీద పెట్టి, జల్లెడ కోసం లోపలికి వెళ్లాను. ఈలోపు మీ ఉప్పలయ్య మామ వచ్చాడు. నేను తిరిగొచ్చేసరికి ఒక చిటికెడు ముక్కులోకి ఎక్కించి, "ఏం నస్యం బావా ఇది, జర గూడ ఘాటు లేదు" అంటున్నాడు. ఆ తర్వాత పొట్లం మీదే తుమ్మాడు. మిగిలింది గోరంత. మీ అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నేనూ పడీ పడీ నవ్వుతూ "నవతా, జర ఇటు రా, మీ మామను చూడు" అని నీ గది వైపు కేకేశాను. మీ అమ్మ లేచి వెళ్లి, ఖాళీగా ఉన్న ఆ గది తలుపు దగ్గరికేసి వచ్చింది.

మిగిలిన విత్తనాలు నువ్వు చెప్పినట్టే చల్లాను. గురువారం గుడికని బయల్దేరే మీ అమ్మ ఎక్కడికి వస్తుందో నాకు తెలుసు. తెలుసని ఆమెకు చెప్పకు. మాత్రలు వేసుకుంటున్నాను.

మీ నాన్న

కవాడిగూడ,
9-10-1996

ప్రియమైన నాన్నకు,

ఉమాకాంత్‌కు నాగపూర్ బదిలీ అయింది. నవంబరు 3, ఆదివారం ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతున్నాం.

నిన్న ఇందిరా పార్కు దగ్గర నువ్వు నన్ను చూశావు. మన మధ్య చెరుకురసం బండి ఒక్కటే ఉంది. వచ్చే బస్సు నంబరు చదువుతున్నట్టు మొహం తిప్పుకున్నావు. అక్కడ బస్సు లేదు నాన్నా. పిలుద్దామని నోరు తెరిచి ఆగిపోయాను. నేను పిలిచి నువ్వు పలకకపోతే, ఆ బాధ నాగపూర్ దాకా మోసుకెళ్లాలి. అంత శక్తి నాకు లేదు.

ఇక ఉత్తరాలు రాయను. కోపంతో కాదు. నీ రాత చూసిన ప్రతిసారీ నీ గొంతు వినాలని మరీ ప్రాణం కొట్టుకుంటోంది. మొలకలొస్తే ఏం చేయాలో నాకు తెలుసు. వచ్చి నోటితో అడుగు, చెబుతాను.

నీ
నవత

చిక్కడపల్లి,
14-10-1996

చి. నవతకు,

ఉత్తరం అందింది. ఆ విషయం తర్వాత చూద్దాం.

పొద్దున కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే ఇసుక మీద సన్నని ఆకుపచ్చ చుక్కలు! మీ అమ్మకు చూపిస్తే ఆమెకు ఏమీ కనిపించలేదు. నాకు మాత్రం బాగా కనిపిస్తున్నాయి. గాజుపలక ఇప్పుడు తీసేయాలా, ఉంచాలా? వెంటనే రాయి. నాగపూర్‌లో చలి ఎక్కువంటారు, రగ్గులు కొన్నారా?

మీ నాన్న

చిక్కడపల్లి,
25-10-1996
(కార్డు)

చి. నవతకు,

పలక తీయలేదు. మొలకలు మొదలు దగ్గర మెత్తబడి వాలిపోతున్నాయి. ఒక్క ముక్క రాయి.

నాన్న

చిక్కడపల్లి,
2-11-1996

నా తల్లి నవతకు,

మొలకలన్నీ పోయాయి. నువ్వు రాయనందుకు కాదు. ఇరవై నిమిషాలు నడిచి వచ్చి అడగలేక ఇంట్లో కూర్చున్నందుకు పోయాయి. నిన్ను అడగడానికి ఇక విత్తనాల సంగతేమీ మిగల్లేదు. అప్పుడు ఒప్పుకోక తప్పలేదు, నాకు ఏ రోజూ ఆ పూలు అక్కర్లేదు. నీ జవాబు వస్తే చాలు.

ఉమాకాంత్ కులం విని కోపం వచ్చింది, అబద్ధమాడను. అంతకంటే ఎక్కువగా, రిజిస్టరు ఆఫీసుకు సాక్షులుగా ఎవరినో తీసుకెళ్లావు, నన్ను ఒక్క మాట అడగలేదని కాలిపోయాను. అడిగితే కాదనేవాణ్నే. అది తెలిసే నువ్వు అడగలేదు. ఇది అర్థం కావడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. పదిమంది ముందు అన్న మాట నిలబెట్టుకుంటున్నానని అనుకున్నాను. ఆ పదిమందిలో ఒక్కరికీ అది గుర్తు లేదు. నిన్న ఉప్పలయ్య "బిడ్డ ఎట్లున్నది బావా?" అని అడిగితే, నాకు తెలియదని చెప్పాల్సి వచ్చింది. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

ఈ ఉత్తరానికి స్టాంపు అంటించలేదు. నేనే తెస్తున్నాను. నువ్వు తలుపు తీశాక మొదటి మాట నా నోటికి రాదు. అందుకే ఇది నీ చేతిలో పెడుతున్నాను. నువ్వు చదివినంతసేపు గడప బయట నిలబడి ఉంటాను. తొందరేమీ లేదు.

చదవడం అయ్యాక ఒక్కసారి పిలువు తల్లీ. పలుకుతాను.

నీ తలుపు దగ్గర,
నాన్న